పసిబిడ్డ తల్లియు, ఇంటి వ్యాపారమును

మన దేవాలయ సంఘమునకు చెందిన కుటుంబములలో ఇంటి యొద్దనే చిన్న వ్యాపారము నారంభించిన తల్లులు నేడు పలువురు గలరు. జంతికలు, అరిసెలు, కారప్పొడులు, ఊరగాయలు చేసి అమ్మువారు కొందరు; పూలమాలలు కట్టి పూజలకును పెండ్లిండ్లకును ఇచ్చువారు కొందరు; రవికలు కుట్టువారు మరికొందరు. వీరిలో అనేకుల ఒడిలో ఏడాది నిండని బిడ్డ యున్నది. చూచువారు రెండు విధములుగా మాటలాడుదురు. "ఎంత ఓపిక గల పిల్ల!" అని మెచ్చుకొనువారు ఒక వైపు, "చంటిబిడ్డ నింట పెట్టుకొని ఈ బేరములేమిటమ్మా!" అని ముక్కున వ్రేలు వేసికొనువారు ఒక వైపు. ఆ మెప్పు వలనగాని, ఈ నింద వలనగాని ఆ తల్లికి అరగంట నిద్రయైనను అధికముగా దొరకదు.

మేము చెప్పదలచినది ఒక్క మాట. ఇంటి వ్యాపారమునకు పెట్టు పెట్టుబడులలో మొదటిది తల్లి కాలము. పిండికి, నూనెకు, గ్యాసునకు పైసలతో సహా లెక్క వ్రాయు ఇండ్లలో సైతము దీనికి లెక్క వ్రాయరు. లెక్కకెక్కని ఆ ఖర్చు ఎక్కడికిని పోదు. తల్లి నడుము నొప్పిగానో, బిడ్డకు తగ్గిన పాలుగానో అది తిరిగి వచ్చును. కనుక వ్యాపారము చేయవలెనా, మానవలెనా అని తగవులాడుటకు ముందు, ఆ కాలము నెట్లు లెక్కించవలెనో, ఎవరెవరు దానిని పంచుకొనవలెనో ఆలోచించుట మేలు.

తోటలలో మన ముందుతరము

తల్లి పని చేయుట మనకు క్రొత్త గాదు. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములనుండి కంగాణీల వెంట ఈ దేశమునకు వచ్చిన మన పెద్దలలో స్త్రీలును కూలికి వచ్చినవారే. ఇట్టి వలసను 1938లో నాటి భారత ప్రభుత్వము నిలిపివేయునాటికి, దిగువ పేరా కొబ్బరి తోటలలోను, ఇతర ప్రాంతముల రబ్బరు తోటలలోను తెలుగు కుటుంబములు స్థిరపడియుండెను. రబ్బరుపాలు చల్లనివేళ బాగుగా కారును గనుక చెట్టు గీయుపని తెల్లవారకముందే మొదలగును. అంతకుముందే ఆ తల్లి వంటచేసి, బిడ్డను చంకనెత్తుకొని లైను ఇంటి గడప దాటవలసి యుండెను.

ఆ బిడ్డను ఆమె ఎక్కడ దింపెడిది? తోటలోని ఆయా కొట్టాయిలో. వయసు మీరిన స్త్రీ యొకతె తల్లులందరి బిడ్డలను అక్కడ చూచెడిది. తోట యజమానులు అట్టి ఏర్పాటు చేయవలెనని కార్మిక శాసనములు కోరినవి. ఆ కొట్టాయి స్వర్గమని మేము చెప్పబోము. ఒక్క ఆయాకు పెక్కుమంది పిల్లలు. వరుసగా కట్టిన చీర ఊయలలు. ఒకరికి జ్వరము వచ్చిన అందరికిని వచ్చెడిది. అయినను ఆ పాకలో ఒక సత్యము గలదు. తల్లి పనికి వచ్చినప్పుడు బిడ్డను చూచువారొకరు ఉండితీరవలెననియు, ఆ ఖర్చు పని ఖర్చులో ఒక భాగమనియు లాభమే పరమార్థముగా గల దొరలు సైతము ఒప్పుకొనవలసి వచ్చెను.

తరువాత కాలము మారినది. తోటలు ముక్కలుగా అమ్ముడుపోయినవి. రబ్బరు చెట్ల స్థానమున పామాయిలు చెట్లు వచ్చినవి. పట్టణములకు దగ్గరి తోటలు ఇండ్ల స్థలములైనవి. మనవారు పట్టణముల అంచులకును, అంతస్తుల ఇండ్లకును చేరిరి. లైను ఇండ్లతో పాటు ఆయా కొట్టాయియు పోయినది. ప్రక్క గడపలో కూర్చుండి "నేను చూచెదను, నీవు వెళ్ళిరా" అను పెద్దమ్మయు పోయినది. అంతస్తుల ఇంట తలుపు మూసికొని, ఒక గదిలో ఊయలయు ఒక గదిలో పొయ్యియు పెట్టుకొన్న నేటి తల్లికి నాటి కూలితల్లికున్న ఆ ఒక్క వసతియు లేదు. వ్యాపారము ఆమె సొంతము గనుక ఆమె తనకు తానే దొర, తానే కూలి, తానే ఆయా.

తొంబది యెనిమిది దినములు

ద్వీపకల్ప మలేషియాలో ఉద్యోగము చేయు స్త్రీకి ప్రసూతి సెలవు పూర్వము 60 దినములుండెను. ఉద్యోగ చట్టమునకు 2022లో చేసిన సవరణ 2023 జనవరి 1 నుండి అమలునకు రాగా అది 98 దినములైనది. తండ్రికి 7 దినముల సెలవు క్రొత్తగా లభించినది. సంతోషమే. కాని ఈ సెలవు యజమాని ఇచ్చునది. యజమానియే లేని ఇంటి వ్యాపారపు తల్లికి దాని నిచ్చువారెవరు?

కుటుంబమే ఇవ్వవలెనని మా అభిప్రాయము. ఉద్యోగికి చట్టము 98 దినములు అవసరమని తలచినప్పుడు మన కోడలికి 40 దినములు చాలునని ఏల అనుకొనవలెను? పురిటి స్నానములు ముగిసినవి గదా యని పొయ్యి వెలిగించు ఇండ్లను మేమెరుగుదుము. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనన్నారు. వ్యాపారము ముందే యున్న ఇంట, గర్భము నిలిచిన నాటినుండి ప్రతి అమ్మకములో కొంత వేరుగా తీసి, ఆ 98 దినముల గడుపునకు నిలువ చేయవలెను. వ్యాపారము లేని ఇంట, దాని నారంభించు ముహూర్తమును ఆ దినముల తరువాతనే పెట్టుకొనవలెను. వాడుకదారులు పోవుదురను భయము సహజమే. "ఫలాని మాసము వరకు చేయము, తరువాత తప్పక చేయుదుము" అని ముందే చెప్పినచో మంచి సరకు నెరిగినవారు నిలుతురు.

చేత దింపదగిన పని

బిడ్డకు మొదటి ఆరు మాసములు తల్లిపాలు మాత్రమే ఇవ్వవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆ వయసు బిడ్డ గడియారము చూచి ఏడువదు. కనుక ఆ దినములలో తల్లి చేపట్టు పని యే క్షణమునైనను చేత దింపదగినదై యుండవలెను. మాల కట్టుట, రవికకు చేతికుట్టు వేయుట, పొట్లములు కట్టి చీటీలంటించుట ఇట్టివి. బిడ్డ కదలినచో సూది దింపి లేవవచ్చును. తిరిగి వచ్చునప్పటికి పని యెక్కడ విడిచినదో అక్కడనే యుండును. కాగుచున్న నూనె అట్లుండదు. మూకుడులో జంతికలు వేసి బిడ్డ వద్దకు పరుగెత్తుట ఒక ప్రమాదము. బిడ్డను చంక నిడుకొని మూకుడు వద్ద నిలుచుట అంతకంటె పెద్ద ప్రమాదము. మిరపకాయలు దంచు గదిలో పసిబిడ్డ యుండరాదని చెప్పనక్కరలేదు.

వేపుడు సరకులు చేయక తప్పదన్నచో, బిడ్డను మరియొకరు మరియొక గదిలో చూచుచున్నప్పుడే పొయ్యి వెలిగించవలెను. అట్టి దినములకు తల్లి తన పాలను ముందుగా తీసి యుంచవచ్చును. అవి 25 డిగ్రీల లోపు చల్లదనమున నాలుగు గంటల వరకు నిలుచునని వైద్యులు చెప్పుదురు. మన యిండ్లలో వేడి అంతకు మించి యుండును గనుక తీసిన వెంటనే శీతల పెట్టెలో పెట్టవలెను. అందు నాలుగు దినముల వరకు చెడవు. మరియొక సంగతి. పాలు తీయుటగాని, బిడ్డకిచ్చుటగాని వేళ తప్పిన కొలది ఊరుట తగ్గును. మేమెరిగిన యొక ఇంట, బిడ్డకు అయిదవ మాసమున పెండ్లికి రెండువేల లడ్డూల బేరము వచ్చినది. అందరును భేషనిరి. నాలుగు దినములు తల్లి కూర్చుండి బిడ్డకు పాలిచ్చుటకు తీరిక లేకపోయెను. లడ్డూలు వేళకు చేరినవి. పాలు మాత్రము తరువాత మూడు వారములకు గాని కుదుటపడలేదు. ఆ బేరములో వచ్చిన సొమ్మెంతో ఆ ఇంటివారికి నేటికిని జ్ఞాపకమున్నది. బిడ్డ ఎంత బరువు తగ్గినదో తల్లికి మాత్రమే జ్ఞాపకమున్నది.

ఆహారము చేసి అమ్మువారికి మరియొక విధి గలదు. 2009లో వచ్చిన ఆహార పరిశుభ్రతా నిబంధనల ప్రకారము శిక్షణ పొందవలెను. టైఫాయిడు టీకా వేయించుకొనవలెను. పాలిచ్చు తల్లులు ఆసుపత్రిలో ఆ సంగతి చెప్పి, వైద్యుల సలహా పొంది ఈ పని ముగించుకొనవచ్చును.

గంటల లెక్క

ఇప్పుడొక లెక్క వేయుదము. ఒక తల్లి వారమునకు 60 పొట్లముల జంతికలు, పొట్లము 10 రింగిట్ల చొప్పున అమ్మినదనుకొందము. వచ్చినది 600. పిండి, నూనె, గ్యాసు, సంచులు, చేరవేతకు పొట్లమునకు 5.50 చొప్పున 330 పోయినది. మిగిలినది 270. ఇంటిల్లిపాదియు దీనిని లాభమందురు. ఆమె పనిచేసిన గంటలు 42 అనుకొందము. అప్పుడు గంటకు ఆమెకు దక్కినది 6.43 రింగిట్లు. ఈ దేశమున 2025లో అమలునకు వచ్చిన కనిష్ఠ వేతనము నెలకు 1,700 రింగిట్లు, గంటకు 8.72. ఆమె 42 గంటలకు బయట కూలి 366 రింగిట్లకు పైగా వచ్చును. కనుక ఆ ఇంటివారు లాభమనుకొన్నది నిజమునకు 96 రింగిట్ల నష్టము. దానిని ఆమె తన రెక్కలతో పూడ్చినది.

అయినచో మూసివేయవలెనా? అక్కరలేదు. పొట్లము వెల 12 చేసినచో కొందరు కొనక మానుదురు. 52 పొట్లములే అమ్ముడుపోయినవనుకొందము. వచ్చినది 624; ఖర్చు 286; మిగిలినది 338. పని గంటలు సుమారు 36. మునుపటికంటె సొమ్ము 68 రింగిట్లు అధికము; బిడ్డకు మిగిలినవి ఆరు గంటలు. ఇరుగుపొరుగులు "ధర పెంచినదమ్మా" అందురని సంకోచించి మన స్త్రీలు చౌకగా అమ్ముదురు. ఆ చౌక ఎవరి నిద్రలోనుండి వచ్చుచున్నదో ఒక్కసారి కాగితము మీద వ్రాసి చూచుకొన్నచో సంకోచము తీరును. ఆరు రకముల పిండివంటలు చేయుటకు బదులు రెండే చేయుట, చేతితో కలుపు పిండికి యంత్రమును కొనుట మొదలైనవన్నియు గంటలు తగ్గించు మార్గములే.

ఈ లెక్కలో అత్తగారి గంటలును వ్రాయవలెను. "మామ్మ ఉన్నది గదా, బిడ్డను చూచును" అని సులభముగా అందుము. అరువది యేండ్ల మోకాళ్ళతో ప్రాకులాడు బిడ్డ వెంట తిరుగుట చిన్నపని గాదు. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడన్నట్లు ఆమె సాయము గొప్పది. కాని అది ఊరక వచ్చినది గాదు. వారమునకొక దినమైన ఆమెకు విశ్రాంతి నిచ్చి, ఆ దినము తండ్రి బిడ్డను చూడవలెను. చేరవేతలు మాత్రము చేసి "నేనును సాయపడుచున్నాను" అను భర్తలకు మా విన్నపము: రాత్రివేళ ఏడ్చు బిడ్డను ఎత్తుకొనుటయు వ్యాపారపు పనియే. మరునాడు మూకుడు వద్ద నిలుచునామె చేయి వణకకుండుటకు అది అవసరము.

పేరు, పెట్టె, అప్పు

వ్యాపారము మొదలిడిన 30 దినములలో నమోదు చేయించవలెనని 1956 నాటి వ్యాపార నమోదు చట్టము చెప్పుచున్నది. సొంత పేరిట చేసినచో ఏడాదికి 30 రింగిట్లు, వేరొక వ్యాపారనామము పెట్టుకొన్నచో 60. చేయునది తల్లియైనచో పత్రముపై ఆమె పేరుండవలెను. భార్యాభర్తలిద్దరును చేయుచున్నచో భాగస్వాములుగా ఇద్దరి పేర్లును ఉండవచ్చును. "ఇంటిలోని వారమే గదా, ఎవరి పేరైన నేమి?" అని కొందరందురు. ఎవరి పేరైనను ఒకటేయైనచో పనిచేయునామె పేరే వ్రాయించుటకు అభ్యంతరమేమి? ఋణము కొరకు పోయినను, బ్యాంకు ఖాతా తెరచినను ఆ పత్రమే ఆధారము.

ఇంటి పెట్టె వేరు, వ్యాపారపు పెట్టె వేరుగా నుండవలెను. పాలడబ్బా కొన్న సొమ్ము ఏ పెట్టెలోనిదో తెలియని ఇంట వ్యాపారము నిలిచినదో మునిగినదో ఏడాది తిరిగినను తెలియదు.

అప్పునకు మార్గములు గలవు. 1987లో ఏర్పడిన అమానా ఇఖ్తియార్ మలేషియా, 1998లో ఏర్పడిన టెకున్ నేషనల్ చిన్న వ్యాపారులకు ఋణములిచ్చుచున్నవి. అమానా ఇఖ్తియార్ సంస్థ 2024లో భారత సంతతి స్త్రీల కొరకు 'పెణ్' అను పథకమును ఆరంభించినది. అయితే ఇఖ్తియార్ పద్ధతిలో వాయిదాలు వారము వారము కట్టవలెను. బిడ్డకు జ్వరము వచ్చిన వారమునను వాయిదా ఆగదు. కనుక పాలబిడ్డ దినములలో పెద్ద ఋణము తలకెత్తుకొనుట మంచిది గాదు. వచ్చిన దానితోనే నడపి, బిడ్డ అన్నము తిను వయసు వచ్చిన తరువాత విస్తరించుట క్షేమము.

తల్లికి ప్రమాదము కలిగినచో ఇల్లును వ్యాపారమును ఒక్కసారి ఆగును. గృహిణుల సామాజిక భద్రతా పథకము 2022 డిసెంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. ఏడాదికి 120 రింగిట్ల చందాతో ఇంటిపనిలో కలుగు ప్రమాదమునకును, శాశ్వత అశక్తతకును రక్షణ నిచ్చునది. స్వయం ఉపాధి వారి కొరకు 2017లో వచ్చిన చట్టమును 2020లో తినుబండారముల అమ్మకము వంటి చిన్న వ్యాపారములకును విస్తరింపజేసిరి. మొదటి నెల అమ్మకములోనుండి ఈ చందాల కొరకు తీసిపెట్టుట పొదుపే గాని వ్యయము గాదు.

నలుగురు కలిసినచో

1959లో బొంబాయి నగరమునందు ఏడుగురు గృహిణులు ఎనుబది రూపాయలు అప్పు తెచ్చి అప్పడముల పని నారంభించిరి. అదియే తరువాత లిజ్జత్ పాపడ్ అను పేర లోకప్రసిద్ధమైనది. వారి పద్ధతిలో మనము గమనింపదగినది పని విభజన. కలిపిన పిండిని ఉదయమున కేంద్రమునుండి తీసికొనిపోయి, తమ యింట బిడ్డల ప్రక్కన కూర్చుండి ఒత్తి, మరల తెచ్చి యిత్తురు. పిండి కలుపుట, తూచుట, అమ్ముట ఆ యింటి తల్లి నెత్తిన లేవు. లాభనష్టములు అందరివి.

మన దేశములోను అట్టి స్మృతి గలదు. తోటలు ముక్కలగుచున్న దినములలో, 1960లో తున్ సంబంధన్ నాయకత్వమున జాతీయ భూ ఆర్థిక సహకార సంఘము ఏర్పడెను. నెలకు పది డాలర్ల చొప్పున కట్టి నూరు డాలర్ల వాటా పొందిన కూలివారి సొమ్ముతో ఆ సంఘము తోటలనే కొన్నది. ఒక్కొక్కరి పది డాలర్లతో కాని పని అందరి పది డాలర్లతో అయినది.

ఆ రీతిగానే మన సంఘమున అయిదారుగురు తల్లులు ఒక జట్టుగా కూడరాదా? వారమున రెండు దినములు మూకుడు పని ఒక చోట, బిడ్డలు మరియొక చోట. వంతుల వారీగా ఒకతె బిడ్డలను చూచును, తక్కినవారు వండుదురు. ఆమె చూచిన గంటలకును వండినవారి గంటలతో సమముగా లెక్క కట్టవలెను. చట్టము నెరిగి నడువవలెను: ఒకటికంటె ఎక్కువ ఇండ్లకు చెందిన నాలుగేండ్ల లోపు పిల్లలు నలుగురు గాని అంతకు మించి గాని యున్న చోట ప్రతిఫలము పుచ్చుకొని చూచినచో, 1984 నాటి శిశు సంరక్షణ కేంద్రముల చట్టము ప్రకారము సంక్షేమ శాఖ వద్ద నమోదు చేయించవలెను. నివసించు ఇంటనే పదిమందికి లోబడి పిల్లలను చూచు కేంద్రములకు ఆ చట్టమున ప్రత్యేక స్థానము గలదు. వయసు మీరియు ఓపిక గల మన స్త్రీలు ఒకరిద్దరు శిక్షణ పొంది అట్టి కేంద్రము తెరచినచో అదియును ఒక ఇంటి వ్యాపారమే యగును. పూజలు, పెండ్లిండ్లు లేని దినములలో దేవాలయపు వంటశాలను ఇట్టి జట్టునకు నామమాత్రపు అద్దెకు ఇచ్చు విషయమును కార్యవర్గము ఆలోచింపవలెనని మేము కోరుచున్నాము. ఉత్సవములకు ప్రసాదములు బయట కొనుచునే యున్నాము గదా! ఆ సొమ్ములో కొంత మన తల్లుల చేతికి పోవుట ధర్మమే.

బిడ్డ బడికి పోవువరకు వ్యాపారమే వలదను పెద్దల మాటను మేము తోసిపుచ్చము. భర్త జీతము చాలిన ఇంట అది మంచి మాటయే. కాని అద్దె కట్టి, పెద్దపిల్లల బడి ఖర్చు భరించి, నెలాఖరునకు అరువు తెచ్చుకొను ఇంట తల్లికి ఏడేండ్లు ఆగుమనుట సలహా గాదు. ఆమె ఎటులైనను మొదలిడును. మొదలిడినప్పుడు ఒంటరిగా మొదలిడునా, మనవారి నడుమ మొదలిడునా అనునదే మన చేతిలోనున్నది.

ఇట్టి జట్టులో చేరగోరు తల్లులును, పిల్లలను చూచుటకు ముందుకు రాగల పెద్దలును సంఘ కార్యాలయమున తమ పేర్లు తెలుపవలెనని ప్రార్థించుచున్నాము. తమ యింటి గంటల లెక్కను వ్రాసి చూచుకొన్నవారు అందులో కనుగొన్న సంగతులను మాకు వ్రాసి పంపినచో వాటిని ఈ పత్రికయందు ప్రకటింతుము.